గుడారం వెనక్కి జరిగిన పొద్దు

"ఆ అబ్బాయిలో ఏం చూశావే?" అని మా అమ్మాయి హరిణిని అడిగాను. అడుగుతూనే ఉన్నాను. అది ఇంటికి రావడం మానేసింది.

నా పెళ్ళికి ముందు ఇదే ప్రశ్న ఒక డేగ గురించి కూడా అడిగాను.

అప్పట్లో పెనుకొండ గుట్టల్లో గౌస్ సార్ దగ్గర పరిశోధన చేసేదాన్ని. ఆడ డేగ తన జతను ఎలా ఎంచుకుంటుందన్నది నా పని. గూళ్ళ కింద రాలిన ఈకలు ఏరి, కాగితం కవర్లలో పెట్టి, వాటి డీఎన్‌ఏ చూసేవాళ్ళం. మంచి జన్యువులున్న మగదాన్నే ఆడది కోరుకుంటుందని నా నమ్మకం. దాదాపు అన్ని జంటలూ ఔనన్నాయి.

ఒక్క ఆడ డేగ కాదంది. రోగాన్ని తట్టుకునే జన్యువుల్లో దాని మొగుడు అందరికన్నా వెనక. ఎదురు గుట్ట మీద అంతకన్నా మేలైనవాడు ఒంటరిగా ఉన్నాడు. అయినా ఏటా వీడితోనే కాపురం. పిల్లలూ వీడివేనని ఈకలు చెప్పాయి.

"వీడిలో ఏం చూసింది సార్?"

సార్ నవ్వారు.

ఆయన ఊళ్ళో లేనప్పుడు, మేం దాక్కుని పక్షుల్ని చూసే గుడారాన్ని ఆ డేగ గూటి దగ్గరికి జరిపాను. దగ్గర్నుంచి చూస్తే తెలుస్తుందనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వచ్చారు. చలిగాలి కొడుతోంది. గూట్లో గుడ్లున్నాయి. ఆడ డేగ గుట్ట చుట్టూ తిరుగుతోంది, దిగట్లేదు.

"పెళ్ళిచూపులా అమ్మాయ్? ముందు వరసలో కూర్చున్నావ్!"

నవ్వబోయాను. సార్ నవ్వట్లేదు. వంగి మేకులు పీకుతున్నారు. గుడారాన్ని భుజాన వేసుకుని, ఎక్కడో కింద, సీతాఫలం పొదల వెనక మళ్ళీ పాతారు.

"ఇంత దూరం నుంచి ఏం కనబడుతుంది సార్?"

సార్ ఫ్లాస్కు మూతలో టీ పోసి నా చేతికిచ్చారు. తాగలేకపోయాను. అది చల్లారుతుంటే గుడ్లే గుర్తొచ్చాయి.

చాలాసేపటికి డేగ దిగింది. రెక్కలు ముడిచి, అటూ ఇటూ సర్దుకుని, గుడ్ల మీద కూర్చుంది.

"కనబడిందా?" అన్నారు సార్.

ఇవాళ హరిణికి ఫోన్లో మళ్ళీ అదే ప్రశ్న రాశాను. పంపకుండా చెరిపేశాను.

"గుత్తి వంకాయ చేస్తున్నానే. ఎక్కువే చేస్తున్నాను" అని రాసి పంపాను.