రాజుగారి ‘చూద్దాం’

ఒకానొక రాజ్యంలో, ఏ రాజ్యమో మాత్రం అడక్కండి, చెబితే ఆ ఊరివాళ్ళు కర్రలు పుచ్చుకుని నా మీదికి వస్తారు, వీరభూపాలుడనే రాజు ఉండేవాడు. మనిషి మరీ చెడ్డవాడేం కాదు. డాబు ఎక్కువ, అంతే. "మా నోటి నుంచి వచ్చిన మాటకు తిరుగులేదు. అన్నామంటే అన్నట్టే!" అని రోజుకోసారైనా అనకపోతే ఆయనకు అన్నం సయించేది కాదు.

ఆ రాజుగారు వారం వారం నగరసభ తీర్చేవాడు. ఊళ్ళో మురుగుకాలవలు, బావులు, బాటలు, వీధిదీపాలు, వీటి సంగతులన్నీ ఆ సభలోనే తేలాలి. జనం బారులు తీరి వచ్చి మొర పెట్టుకునేవారు. రాజుగారు కళ్ళు అరమోడ్చి అంతా వినేవాడు. విని, మీసం ఒకసారి సవరించుకుని, గంభీరంగా ఒకే ఒక్క మాట సెలవిచ్చేవాడు.

"చూద్దాం!"

అంతే! నగరమంత్రి శరభయ్య "ఆహా, ఏం సెలవిచ్చారు ప్రభూ!" అని తల ఊపేవాడు. సభలోని పెద్దలంతా చప్పట్లు కొట్టేవారు. మొర పెట్టుకున్నవాడు దండం పెట్టి ఇంటికి పోయేవాడు, పై వారం మళ్ళీ వచ్చేవాడు. కాలవలు పొర్లుతూనే ఉండేవి. దీపాలు వెలగకుండానే ఉండేవి. ఇంక ఎవరికి చెప్పుకుంటారు, చెప్పండి!

ఆ కొలువులో పేరన్న అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారిని నవ్వించడమే ఆయన ఉద్యోగం. రాజుగారు ‘చూద్దాం’ అన్నప్పుడల్లా అందరితో పాటు తానూ చప్పట్లు కొట్టేవాడు. కొట్టి కొట్టి ఈ మధ్య ఆయనకే విసుగు పుట్టింది.

ఒకనాటి సభకు కుమ్మరివీధి మంగమ్మ వచ్చింది. వచ్చీ రాగానే కొంగు నడుముకు చుట్టుకుని గొంతెత్తింది.

"ఏలినవారికి దండాలు. మా వీధి మురుగుకాలవ గట్టు తెగి బావిలోకి పారుతోంది బాబయ్యా! నీళ్ళు నల్లగా తిరిగిపోయాయి. ముక్కు దగ్గర పెట్టుకోలేం. పక్క వీధి బావికి పోతే వాళ్ళకే చాలవని తరిమేస్తున్నారు. ఇంట్లో నా కోడలికి నెలలు నిండాయి. అమావాస్య దాటదంటోంది మంత్రసాని. ఆ మురుగు నీళ్ళతో పురుడెట్టా పొయ్యను? పుట్టిన బిడ్డకు ఆ నీళ్ళెట్టా పట్టను?"

రాజుగారు మీసం సవరించుకున్నాడు. "చూద్దాం!"

"కిందటిసారీ అదే సెలవిచ్చారు బాబయ్యా. అంతకుముందూ అదే. తమరు చూద్దాం చూద్దామంటే నా కోడలి కడుపు ఆగుతుందా?"

సభ ఉలిక్కిపడింది. శరభయ్య లేచి నిలబడ్డాడు. "ఏయ్! ప్రభువులకే ఎదురు చెబుతున్నావా? మాట ఇచ్చారుగా! ఇంకేం కావాలి? పో, పో!"

మంగమ్మ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. పేరన్న చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. చేతులు లేవలేదు. ఛీ, ఇదేం బతుకురా పేరన్నా, అనుకున్నాడు. మరుక్షణం బుర్రలో ఏదో మెరిసింది. ముందుకు వచ్చి వంగి నమస్కారం చేశాడు.

"ప్రభూ! తమ మాట ఇంత గొప్పది కదా, ఈ నాలుగు గోడల మధ్యే ఉండిపోతోందే! ఊరంతా వినొద్దూ? సెలవైతే దండోరా వేయిస్తాను."

రాజుగారి ముఖం వెలిగిపోయింది. "భేష్! మాకు తట్టనే లేదు సుమా! ఇప్పుడే వేయించు. మా మాట వీధి వీధినా మోగాలి!"

"తమరు అన్న మాటే ప్రభూ, అక్షరం పొల్లుపోకుండా!" అని పేరన్న ఒక్క పరుగున బయటికి వెళ్ళాడు.

పొద్దు వాలకముందే ఊళ్ళో డప్పు మోగింది.

"వినండహో! మంచినీళ్ళ కోసం మొర పెట్టుకున్న వీధుల ప్రజలారా, వినండి! మాట తప్పని మన ప్రభువులు చూద్దామని సెలవిచ్చారహో! వచ్చే సభరోజు పొద్దున మంత్రిగారినీ సభలోని పెద్దలందరినీ వెంటబెట్టుకుని, మొర పెట్టుకున్న వీధుల్లో ఏదో ఒక వీధికి వచ్చి, ఆ బావి నీళ్ళు స్వయంగా తాగి చూస్తారహో!"

ఇంకేముంది! ఊరు ఊరంతా ఒక్కసారిగా లేచింది. "రాజుగారు మన బావి నీళ్ళు తాగుతారట!" "మన వీధికే వస్తారేమో!" "అయ్యబాబోయ్, ఆ నీళ్ళే?" అరుగుల మీద అదే మాట, అంగళ్ళలో అదే మాట. ఆడవాళ్ళు పొయ్యి మీది ఎసరు మరిచిపోయి గుమ్మాల్లోకి వచ్చారు. చాకలివీధి వాళ్ళు మా వీధికంటే మా వీధికని మేదరివీధి వాళ్ళతో పందెం కాశారు.

తెల్లవారేసరికి ఈ వార్త కోటలోకి వచ్చి పడింది. మంత్రినీ పెద్దలనూ అప్పటికప్పుడు సభకు పిలిపించారు. రాజుగారు సింహాసనం మీద కుదురుగా కూర్చోలేకపోతున్నాడు.

"పేరన్నా! నీళ్ళు తాగుతామని మేమెప్పుడన్నాం?"

"చూద్దామన్నారు ప్రభూ."

"అన్నాం. చూద్దామన్నాం. తాగుతామనలేదే!"

"సంగతి నీళ్ళది కదా ప్రభూ!" పేరన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ముగ్గునైతే కళ్ళతో చూస్తారు. పాయసాన్ని రుచి చూస్తారు. పాటను విని చూస్తారు. మరి నీళ్ళను? తాగే చూడాలి. ఊరికే తొంగిచూస్తే బావిలో కనిపించేది మన ముఖమే కదా!"

రాజుగారు మంత్రి వైపు చూశాడు. శరభయ్య ఎగిరి ముందుకు దూకాడు. "ప్రభూ, వీడి మాటలు వినకండి! చూద్దామంటే నిజంగా చూస్తారనా? జనం నోరు మూయించడానికి ఊరికే అంటాం. ఆ మాటకు అర్థమే లేదు!"

పేరన్న మెల్లగా అడిగాడు. "మంత్రిగారూ, నిన్న ఆ ఆడమనిషితో ‘ప్రభువులు మాట ఇచ్చారు’ అన్నది తమరే. ఇవాళ ప్రభువుల మాటకు అర్థం లేదంటున్నారు. ఏది నిజం?"

రాజుగారి కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ చూపు తిన్నగా శరభయ్య మీద పడింది. పాపం మంత్రికి ముచ్చెమటలు పోశాయి.

"అ... అది కాదు ప్రభూ! తమ మాటకు తిరుగుంటుందా! తమరు తప్పకుండా వెళ్ళిరండి. మధ్యలో మేమంతా ఎందుకని, అంతే!"

"అదేం మాట!" అన్నాడు పేరన్న. "ప్రభువులు చూస్తాననలేదు, చూద్దామన్నారు. అంటే ప్రభువులూ, తమరూ, చప్పట్లు కొట్టినవాళ్ళందరూనూ. నేను కూడా కొట్టాను కాబట్టి నాకూ తప్పదు."

వెనక వరసలో ఒక పెద్దమనిషికి పొలమారింది. ఇంకొకాయనకు అప్పటికప్పుడే కడుపులో నొప్పి వచ్చింది.

శరభయ్య అంత తేలిగ్గా వదిలే మనిషా? "సరే ప్రభూ, రత్నాలవీధికి వెళదాం. అక్కడి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉంటాయి."

"రత్నాలవీధి వాళ్ళు మొర పెట్టుకోనే లేదే! వాళ్ళకు ప్రభువులు చూద్దామని అననే లేదు. అనని చోటికి పోయి, అన్న చోటికి పోకపోతే మాట తప్పినట్టు కాదూ?"

"పోనీ, ఏ వీధో మేమే ముందు చెప్పేస్తాం!" అన్నాడు రాజుగారు ఆశగా.

"చెప్పండి ప్రభూ, దానికేం! చెప్పగానే ఆ ఒక్క బావినీ కడిగి గంధం కలుపుతారు. రాజుగారు భయపడి ముందే నీళ్ళు మంచి చేయించుకున్నాడని ఊరు నవ్వుతుంది. అదే ఆ పొద్దున పల్లకీ ఎక్కాక, తమ నోటికి ఏ వీధి పేరు వస్తే ఆ వీధికే పోతే? అదీ రాజసం!"

రాజుగారు కాసేపు ఆలోచించాడు. "అయితే ఏ బావి నీళ్ళు తాగబోతున్నామో అందాకా మాకూ తెలియదన్నమాట."

"ఎలా తెలుస్తుంది ప్రభూ? అందాకా ఆ బావులన్నిట్లో ఉన్నవీ తమరు తాగబోయే నీళ్ళే!"

రాజుగారు పేరన్నకు వేలు చూపించాడు. "పేరన్నా, ఆ నీళ్ళు తాగి మాకేమన్నా అయిందో, నీ తల కోటగుమ్మానికి వేలాడుతుంది. జ్ఞాపకం ఉంచుకో!" అని మంత్రి వైపు తిరిగి గర్జించాడు. "ఇంకా నిలబడ్డావేమయ్యా శరభయ్యా! పో! కాలవలన్నీ బాగు చేయించు! బావులన్నీ పూడిక తీయించు! పో!"

ఓహో, ఆ తర్వాత ఆ ఊళ్ళో జరిగిన హడావుడి ఏమని చెప్పను! ఏనాడూ పల్లకీ దిగని పెద్దలు పంచెలు ఎగ్గట్టి కాలవ గట్ల మీద పరుగులు తీశారు. పారలు దొరక్క ఒకరి చేతిలోవి ఒకరు లాక్కున్నారు. రాళ్ళు రప్పలు బళ్ళ మీద వస్తున్నాయి, బురద తట్టల మీద పోతోంది. తాము కూడా ఆ నీళ్ళే తాగాలన్న సంగతి ఎవరూ మరచిపోలేదు. "ఇక్కడ ఇంకా కంపు కొడుతోందర్రా, మళ్ళీ కడగండి!" అని వాళ్ళే కూలివాళ్ళ వెంటపడ్డారు.

కుమ్మరివీధిలో అయితే మంగమ్మదే రాజ్యం. గట్టు మీద నిలబడి కేకలు వేస్తోంది. "అక్కడ కాదు మంత్రిబాబూ, ఇటు! కాలవ తెగింది ఇక్కడ! ఆ బంకమట్టి ఇట్టా మెత్తండి. మట్టి సంగతి నాకా చెబుతారు?" శరభయ్య కిక్కురుమనకుండా మట్టి అందించాడు.

పేరన్న రోజూ వచ్చి ఆ బావిలోకి తొంగిచూసేవాడు. గట్టు నిలిచింది, మురుగు ఆగింది, పూడిక పోయింది. కానీ కొత్త ఊట ఇంకా బురదబురదగానే ఉంది. "తేరుకుంటాయా అక్కా?" అని మంగమ్మను అడిగేవాడు.

"నువ్వు నీ తల కోసం అడుగుతున్నావు, నేను నా కోడలి కోసం అడుగుతున్నాను. ఆ గంగమ్మ తల్లి దయ!" అనేది మంగమ్మ.

సభరోజు రానే వచ్చింది. బాకాలు మోగాయి. జనం మేడల మీద, గోడల మీద, చెట్ల మీద. రాజుగారు పల్లకీ ఎక్కాడు. ఏ పేరు చెబుతాడోనని ఊరంతా ఊపిరి బిగబట్టింది.

"ఆ రోజు మాకు ఎదురు చెప్పిన ఆవిడది ఏ వీధి?" అన్నాడు రాజుగారు.

"కుమ్మరివీధి ప్రభూ," అన్నాడు పేరన్న.

"అక్కడికే పదండి!"

పల్లకీ కుమ్మరివీధి మలుపు తిరిగేసరికి మంగమ్మ బావి దగ్గరే ఉంది. చేద పైకి లాగి, బిందెలో పోసి, వంగి చూసింది. అద్దంలా ఉన్నాయి నీళ్ళు! బిందె అడుగున గీత కూడా కనిపిస్తోంది. పేరన్నకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

శరభయ్య వెండి చెంబు పట్టుకుని ముందుకు ఉరికాడు. "ఏదీ, ఇటివ్వు, ప్రభువులకు!"

మంగమ్మ బిందె చంకన పెట్టుకుంది. "తప్పుకో మంత్రిబాబూ! తెల్లారినప్పటి నుంచి నా కోడలికి నొప్పులు వస్తున్నాయి. మొదటి బిందె పురిటింటికి. ఏలినవారు కాసేపు ఆగాల్సిందే!" అని వెనక్కి చూడకుండా ఇంట్లోకి పోయింది.

రాజును వీధిలో నిలబెట్టి పోయిన మనిషి అంతకుముందు లేదు. శరభయ్య భటుల వైపు చెయ్యి ఎత్తబోయాడు. రాజుగారు వద్దన్నట్టు తల ఊపి, పల్లకీ దిగి, బావిగట్టు మీద కూర్చున్నాడు. రాజు కూర్చున్నాక ఇంకెవరు కదులుతారు? ఎండలో అందరూ అలాగే నిలబడ్డారు.

కాసేపటికి ఇంట్లో నుంచి కెవ్వుమని పసికందు ఏడుపు వినిపించింది. వీధి వీధంతా ఒక్క పెట్టున కేరింతలు కొట్టింది. మంత్రసాని గుమ్మంలోకి వచ్చి "ఆడపిల్ల! తల్లీబిడ్డా క్షేమం!" అని అరిచింది. రాజుగారు తనకు తెలియకుండానే లేచి చప్పట్లు కొట్టాడు.

మంగమ్మ ఏడుస్తూ నవ్వుతూ వచ్చి రెండో చేద తోడింది. రాజుగారు దోసిలి పట్టాడు. ఒక గుక్క తాగాడు. ఆగాడు. మళ్ళీ దోసిలి పట్టాడు. "ఓయ్ శరభయ్యా, నీ రత్నాలవీధి దీని ముందు ఎందుకూ పనికిరాదయ్యా!" అన్నాడు. అది విన్నాక మంత్రికీ పెద్దలకూ ప్రాణం లేచొచ్చింది. ఎగబడి తాగారు.

గుంపులో నుంచి ఒక ముసలాయన అరిచాడు. "ప్రభూ, మా వీధిలో దీపాలు లేవు!"

రాజుగారు అలవాటుగా మీసం మీద చెయ్యి వేశాడు. "చూ..." అని ఆగిపోయాడు. పెద్దల ముఖాలు పాలిపోయాయి. ఈసారి చమురు తాగించరు కదా అన్నట్టు ఒకరినొకరు చూసుకున్నారు. ఆ ముఖాలు చూసి రాజుగారికి నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. "చేద్దాం తాతా, చేద్దాం! రేపటి నుంచే మొదలుపెడతాం!" అన్నాడు.

నవ్వుతూనే పేరన్న వైపు తిరిగాడు. "మమ్మల్ని మా మాటతోనే కట్టేశావు కదరా! తల పోతుందని తెలిసీ ఇంత పని చేశావు. ఏం కావాలో కోరుకో. మాన్యాలా? మడులా?"

"ప్రభూ, పొద్దుటి నుంచి భయంతో నా నోరు పిడచకట్టుకుపోయింది. ముందు గుక్కెడు నీళ్ళు ఇప్పించండి. మిగతావి తర్వాత కోరుకుంటాను."

భటుడు చేద అందుకోబోయాడు. రాజుగారు వాడిని పక్కకు జరిపి, తానే తాడు పట్టుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళు తోడిన చేతులా అవి? తాడు జారింది, చేద గోడకు కొట్టుకుంది, సగం నీళ్ళు పట్టుపంచె మీదే పడ్డాయి. జనం ఈలలు వేశారు. "ఇంకొంచెం బాబయ్యా, ఇంకొంచెం! అట్టా కాదు, రెండో చెయ్యి కింద!" అని మంగమ్మ నేర్పింది. చివరికి చేద పైకి వచ్చింది. రాజుగారు రొప్పుతూ, నవ్వుతూ పేరన్న దోసిట్లో నీళ్ళు పోశాడు. పేరన్న కడుపునిండా తాగాడు. తడిచేతిని తుడుచుకోబోతుంటే రాజుగారు ఆ చెయ్యి పట్టుకుని తన బంగారు కంకణం తీసి తొడిగాడు.