ముంగిస కడిగిన దొన

వెలగలకోన అడవిలో జింకలు, కుందేళ్లు, ఎలుగుబంట్లు ఉండేవి. అక్కడి బండరాళ్లలో నీళ్లు నిలిచే గుంటలు ఉన్నాయి. వాటిని దొనలు అంటారు. ఒక దొనలో మంగ అనే ఉడుత, పక్క దొనలో గండన్న అనే ముంగిస చేపలను పెంచుకునేవి. తినడానికి కాదు, చూసి మురిసిపోవడానికి.

మంగ చేపలు మిలమిలా మెరుస్తూ ఈదేవి. గండన్న దొనలో నీళ్లు మురికిపట్టి చేపలే కనిపించేవి కావు. దారిన పోయేవాళ్లంతా మంగ దొన దగ్గరే ఆగేవారు.

"ఎంత ముద్దుగా ఉన్నాయో!" అని జింక మెచ్చుకుంటే గండన్నకు ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు ఉండబట్టలేక మంగను అడిగింది. "అక్కా, నీళ్లు ఎలా మారుస్తావు?"

"అన్నీ ఒకేసారి తీసేయకు, తమ్ముడూ. పావు వంతు తోడి, అంతే కొత్త నీళ్లు పొయ్యి. సెలయేటి నీళ్లు చల్లగా ఉంటాయి. దొన నీళ్లంత వెచ్చబడేదాకా సొరబుర్రలో ఉంచి, నెమ్మదిగా పొయ్యి. బండకు పట్టిన నాచును గీకకు, నీళ్లను బాగుంచేది అదే" అంది మంగ.

గండన్న తలూపింది కానీ మనసులో గొణుక్కుంది. 'పావు వంతేనట! నా చేపలు ఎప్పటికీ మురికిలోనే ఉండాలని దీని ఎత్తు. నేనంత వెర్రివాణ్ణా?'

వెంటనే చేపలను తీసి చిన్న గుంటలో పడేసింది. దొన నీళ్లన్నీ తోడిపోసింది. నాచంతా గోళ్లతో గీకింది. చల్లటి సెలయేటి నీళ్లు నిండా నింపి, చేపలను అందులో వేసింది. దొన అద్దంలా మెరిసింది.

"రండి, ఇప్పుడు చూడండి!" అని అందరినీ కేకేసింది.

అందరూ వచ్చారు. చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరుస్తూ ఊపిరాడక కొట్టుకుంటున్నాయి. చూస్తుండగానే కొన్ని వెల్లకిలా పడ్డాయి.

"అక్కా, కాపాడు!" అని గండన్న ఏడ్చింది.

మంగ పరుగున వచ్చింది. కొనఊపిరితో ఉన్నవాటిని సొరబుర్రలోకి తీసి, తన దొన నీళ్లు కొంచెం కొంచెంగా కలిపింది. రెండే బతికాయి. అవి తేరుకున్నాక మంగ దొనలోనే ఉండిపోయాయి.

ఇప్పుడు జింక వాటిని కూడా మెచ్చుకుంటుంది. గండన్న తన ఖాళీ దొన పక్కన కూర్చుని ఆ మాటలు వింటుంది.

నీతి: అసూయ నిండిన చెవికి మంచిమాట కూడా మోసంలాగే వినిపిస్తుంది.