దాగలమ్మకు పూలెందుకు వేయరు

తిత్తి ఊదే బావయ్యా, మెల్లగ ఊదవయ్యా,
నిప్పుపూలు రాలుతున్నయ్, పైట కాలేనయ్యా,
కొలిమి తల్లి మెడలోకి...

ఆ తర్వాత ఏదో పువ్వు పేరు వస్తుంది. నా చిన్నప్పుడు మా పుట్టింటి కొలిమి దగ్గర ఆడవాళ్ళు పాడేవారు. ఆ పువ్వు పేరు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. రాకపోవడమే మంచిదేమో. వచ్చిందంటే రేపటి నుంచి ఆ పూలు కూడా తెచ్చి పోస్తారు.

ఇప్పలవాగు ఊరి చివర, గుండోజు వారి కత్తుల కంపెనీ గేటు పక్కన ఉన్నదే శ్రీ దాగలమ్మ సన్నిధి. దాగలి అంటే కమ్మరి కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మ. ఇక్కడ విగ్రహం లేదు. ఆ నల్లని దిమ్మే అమ్మవారు. సన్నిధి ముందు చేతి పొడవు అక్షరాలతో 'పూలు వేయరాదు' అని బోర్డు ఉన్నది. బోర్డు కిందనే బంతిపూలు అమ్మే బుట్ట ఉన్నది. భక్తులు బోర్డు చదువుతారు, తలూపుతారు, వంగి పూలు కొంటారు. ఇరవై ఏళ్ళుగా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. పోయినసారి అచ్చు వేయించిన సన్నిధి పుస్తకంలో, అమ్మవారు మల్లెతీగను శపించింది కాబట్టి పూలు వేయరని ఎవరో పెద్దమనిషి రాశాడు. ఏ మల్లెతీగ? ఎప్పుడు శపించింది? అందుకే నా మనవరాలు శ్రీవల్లి, ఇప్పుడు కంపెనీ చూస్తున్నది ఆమే, "నానమ్మా, ఈసారి నువ్వే రాయి" అన్నది. రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

పూర్వం ఇక్కడ కంపెనీ లేదు, రోడ్డు లేదు. వాగు, ఇప్పచెట్లు, ఒక కమ్మరి కొలిమి ఉండేవి. గొర్రెలు కాసే ఐలయ్య ఒకనాడు మందను వాగు దాటిస్తుండగా, గొర్రెలన్నీ ఇసుకలో ఒక్కచోట గుండ్రంగా నిలబడి కదలలేదట. అదిలించి చూస్తే వాటి నడుమ నల్లని ఇనుప దిమ్మ. దానిని నెత్తిన పెట్టుకొని కమ్మరి గుండోజు నాగలింగం దగ్గరికి తెచ్చి, "దీన్ని కరిగించి నాకొక కొడవలి చేసియ్యి" అన్నాడు. నాగలింగం మూడు రోజులు కొలిమిలో పెట్టి తిత్తి ఊదించాడు. దిమ్మ ఎర్రబడలేదు సరికదా, బొగ్గులు అయిపోయాయి. విసిగిపోయి మధ్యాహ్నం గోడకు ఆనుకొని కునుకు తీస్తే, కలలో నల్లని ముసలామె కనిపించింది.

"నన్నెందుకు కాలుస్తవురా? నా మీద పెట్టి కొట్టు. మొదట చేసింది నా ముందే విరిచి చూపెట్టు. లోపల మంచిగుంటే నలుగురికి ఇయ్యి. లేకుంటే మళ్ళ పొయ్యిల ఎయ్యి" అన్నది.

ఈ కల నాగలింగానికి కాదు, ఆయన భార్యకు వచ్చిందని మా అత్తగారు కాళమ్మ చెప్పేది. మగవాళ్ళు కథలో ఆమె పేరు తీసి ఆయన పేరు పెట్టారట. ఎవరి కలైతేనేం, మాట ఒక్కటే.

ఆనాటి నుంచి గుండోజు వారి ఇంట అదే పద్ధతి. కొడవళ్ళు గానీ గొడ్డళ్ళు గానీ, ఒక విడత చేస్తే అందులో మొదటిదానిని దాగలి మీద పెట్టి, గోనెసంచి కప్పి, సమ్మెటతో విరుస్తారు. విరిగిన ముఖాన్ని వెలుతురులో చూస్తారు. బియ్యప్పిండిలా సన్నగా, బూడిదరంగుగా ఉంటే మంచి పదును. కల్లుప్పులా పలుకులు పలుకులుగా మెరిస్తే ఇనుము ఎక్కువ కాలిందని గుర్తు. అలాంటిది చూడటానికి అందంగా ఉంటుంది, దెబ్బ తగిలితే గాజులా పగులుతుంది. అత్తగారికి ఒక్క అక్షరం రాదు. ఆ విరిగిన ముఖాన్ని మాత్రం ఉత్తరంలా చదివేది. నాకు అక్షరాలు అరవై రెండో ఏట వచ్చాయి గానీ, ఈ చదువు ఆమె దగ్గర ముందే నేర్చుకున్నాను.

మా ఇంటాయన కాలానికి కొలిమి కంపెనీ అయింది. ఆయన పేరు నేను పలకను. రాయడానికి అభ్యంతరం లేదు కాబట్టి రాస్తున్నాను, భద్రాచారి. కరెంటు కొలిమి తెచ్చాడు. చెరకు కత్తులు, చొప్ప కోసే మిషన్ల బ్లేడ్లు చేయించాడు. అమ్మవారి మీద ఆయనకు భక్తి ఎక్కువ. పాత కొలిమి మూలన ఉన్న దాగలిని గేటు పక్కకు తెచ్చి సన్నిధి కట్టించాడు. వెండి కళ్ళు పెట్టించాడు. మొదటి బ్లేడుకు పసుపు రాసి, దండ వేసి, హారతి ఇచ్చేవాడు. ఆ తర్వాత దానిని విరవాలి కదా? విరవలేదు. "పూజ చేసినదాన్ని విరగ్గొడితే అరిష్టం కాదా?" అన్నాడు. దండ తీసి, బ్లేడును తుడిచి, మిగిలినవాటితోపాటు పెట్టెలో పెట్టేవాడు. చూసిన వాళ్ళందరూ ఎంత భక్తో అన్నారు. ఆ దండలు గుచ్చింది నేనే. ఎవరి మీదా నెపం వేయను.

అప్పటికి అత్తగారికి కాళ్ళు పడిపోయాయి. వెనక ఇంట్లో నులకమంచం మీద నుంచే ప్రతి విడతకూ అడిగేది, "విరిచిండ్రా?" అని.

"పూజ అయిందవ్వా" అనేవాడు ఈయన.

"నేనడిగింది పూజ గురించి కాదురా."

"అయిందంటున్నగద!"

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఆ దసరా ముందు, కరెంటు కొలిమిలో వేడి చూపే ముల్లు ఇరుక్కుపోయింది. అది చూపింది ఒకటి, లోపలి వేడి ఒకటి. ఎవరూ గమనించలేదు. నాలుగు వందల బ్లేడ్లు చుట్టుపక్కల ఊళ్ళకు వెళ్ళిపోయాయి. వారం తిరగకముందే పోశవ్వ అనే రైతు మహిళ ముఖానికి గుడ్డ కట్టుకొని గేటు దగ్గరికి వచ్చింది. కొంగు విప్పి మూడు ముక్కలు సన్నిధి మెట్టు మీద పెట్టింది. చొప్ప కోస్తుంటే బ్లేడు పగిలి, పెచ్చు ఎగిరి చెంపలో దిగిందట. కంటికి వేలెడు దూరం.

"మిషన్ల రాయి పడ్డదేమో" అన్నాడు ఈయన.

"రాయి లేదు, రప్ప లేదు కొడుకా. ఉత్త జొన్నచొప్ప. నాకు పైసలొద్దు. ఇంకెవ్వరి కన్ను పోకముందే ఏం చేస్తవో చెయ్యి."

"అమ్మవారి ముందు పెట్టిన సరుకు. తప్పు ఎట్ల ఉంటది?"

ఎంత చెప్పినా అదే మాట. ఊరూరా నాలుగు వందల మిషన్లు తిరుగుతున్నాయి, ఒక్కొక్క మిషన్ ముందు ఎవరో ఒకరు వంగి కూర్చొని ఉన్నారు, ఈయన అమ్మవారి వెండి కళ్ళు చూపిస్తున్నాడు. నేను వెనక ఇంటికి పరుగెత్తి అత్తగారికి చెప్పాను. ఆమె మంచంతో సహా తనను తీసుకుపొమ్మన్నది. నలుగురు పనివాళ్ళు మోసుకొచ్చి సన్నిధి ముందు దించారు. ఆ విడతలో అమ్ముడుపోక ఒక పెట్టె మిగిలింది, దండ వేసిన మొదటి బ్లేడు పసుపు మరకతో అందులోనే ఉన్నది. దానిని తెప్పించి దాగలి మీద పెట్టించింది.

"విరువురా" అన్నది కొడుకుతో.

ఈయన చేతులు కట్టుకొని నిలబడ్డాడు. "నాతోని కాదవ్వా. పాపం."

"పోశవ్వ చెంప చూసినంక కూడ నీకు ఇనుము మీదనే పాపమనిపిస్తుందారా? ఏమే పిల్లా, నువ్వు పట్టు సమ్మెట."

ఆడవాళ్ళు సమ్మెట ముట్టకూడదని మా వాళ్ళలో ఒక మాట ఉండేది. ఎవరూ ఆ మాట అనకముందే పట్టుకున్నాను. కంగారులో గోనెసంచి కప్పడం మరిచాను, అత్తగారు తిడితే కప్పాను. మొదటి దెబ్బ గురి తప్పి దాగలి అంచుకు తగిలింది. అంచు పెచ్చు లేచింది. రెండో దెబ్బకు బ్లేడు టప్పున విరిగింది. సంచి తీసి ముక్కను ఎత్తి ఈయనకు చూపించాను. కల్లుప్పు. ఎండకు తళతళా మెరుస్తోంది. ఈయనా కమ్మరి బిడ్డే కదా, ఒక్కసారి చూస్తే చాలు. మెట్టు మీద కూలబడి తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే ఊరూరా డప్పు చాటింపు వేయించాడు. తానే బండి మీద ఇల్లిల్లూ తిరిగి మిషన్లు ఆపించి, బ్లేడ్లు విప్పి తెచ్చాడు. తొమ్మిది రోజులు పట్టింది. ఇంకొక్కరికి కూడా గాయం కాలేదు. తెచ్చినవన్నీ ఇక్కడే, పోశవ్వ చూస్తుండగా, ఆయనే విరిచాడు. అమ్మవారి వెండి కళ్ళు ఆయనే తీసేశాడు. బోర్డు రాయించిందీ ఆయనే.

ఇప్పుడు మరొక్క సంగతి. దాగలి అంచున కనిపించే సొట్ట అమ్మవారి నోరు కాదు. అది నేను గురి తప్పి కొట్టిన దెబ్బ. దానికి బెల్లం తినిపించకండి, చీమలు పడుతున్నాయి.

నేటికీ ప్రతి విడతలో మొదటి బ్లేడును ఉదయం పది గంటలకు ఇక్కడ విరుస్తారు. శ్రీవల్లి దగ్గర ఇనుమును వెయ్యింతలు పెద్దగా చూపే యంత్రం ఉన్నది. అయినా విరుస్తుంది. భక్తులు కటకటాల ఇవతలే నిలబడాలి. విరిగిన ముఖాన్ని అందరికీ చూపిస్తారు. చేతిపని చేసేవారు తాము చేసిన మొదటి వస్తువును తెచ్చి అమ్మవారి ముందు విరిచి చూసుకుంటే, వారి చెయ్యి తప్పదని, వారి వస్తువు ఎవరినీ గాయపరచదని నమ్మకం. కుమ్మరులు కుండ తెస్తారు, వడ్రంగులు గూటం తెస్తారు. పరీక్షల ముందు పిల్లలు వచ్చి కొత్త పెన్నులు విరిచిపోతున్నారు. ఆ పెన్ను నువ్వు చేసిందా నాయనా? ఇంటికి పోయి చదువుకో.

ఆ దసరా గడిచాక, మరుసటి ఏడు శ్రావణంలో అత్తగారు చివరిసారి ఇక్కడికి వచ్చింది. చూపు మందగించింది. మంచం దించి, విరిచిన బ్లేడు ముక్కను ఆమె అరచేతిలో పెట్టాను. అంతలోనే ఎవరో భక్తురాలు, బోర్డు చదివి మరీ, ముసలామెకు దండం పెట్టి దోసెడు బంతిపూలు ఆమె చేతి మీదుగా ఒళ్ళో పోసింది. అత్తగారు ఆ పూలలో ముక్కను వెతుక్కుంది, వేలితో తడిమింది, వెలుతురుకు ఎత్తింది, రేకులు అంటుకొని వచ్చాయి. మూడో నాటికి ఆమె లేదు. ఆ మధ్యలో ఇంకెవరితోనూ మాట్లాడలేదు. ఆ రోజు మాత్రం విసుగ్గా నా వైపు తిరిగి అన్నది:

"పూలు పక్కకు తియ్యవే పిల్లా, ముక్క కనిపిస్తలేదు."