బొంజన్న చూపిన ఆకు

మా గురువుగారు జోగన్న పంతులుగారికి ఒక అలవాటు ఉండేది. ఆయన్ని ఏదైనా ప్రశ్న అడిగితే సూటిగా జవాబు చెప్పేవారు కాదు. "ముందు ఆ శొంఠి నూరు" అనేవారు. మనం నూరుతూ ఉంటే ఎప్పటిదో ఎక్కడిదో ఒక సంగతి ఎత్తుకునేవారు. అంతా విని "మరి నా ప్రశ్నకి జవాబేదండీ?" అన్నవాడికి ఇంకో వీశె శొంఠి పడేది. ఆయన దగ్గర వైద్యం నేర్చుకున్న ఆరేళ్ళలో నేను నూరిన శొంఠిలో సగం నా తెలివితక్కువతనానికి పడ్డ శిక్షే.

ఒక మధ్యాహ్నం నాతోపాటు చదువుకుంటున్న భీమశంకరం ఆయన్ని ఒక ప్రశ్న అడిగాడు. అతను నాకంటే రెండేళ్ళు పెద్ద, నాకంటే చాలా చురుకు. గురువుగారు ఊళ్ళో లేనప్పుడు రోగుల్ని చూసి మందు కట్టి పంపేది అతనే. అలాంటివాడు రెండు రోజులుగా అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికి లేచిపోతున్నాడు.

"గురువుగారూ, ఒకడు అబద్ధం ఆడలేదండి. ఊరికే నోరు మూసుకుని ఉన్నాడు. రేపో ఎల్లుండో వీలు చూసుకుని నిజం చెప్పేస్తాడు. అది కూడా తప్పు కిందకే వస్తుందంటారా?"

"ఎవరయ్యా ఆ ఒకడు?"

"ఎవరూ కాదండి. ధర్మసూక్ష్మం తెలుసుకుందామని."

"ఓహో, ధర్మసూక్ష్మమా! అయితే కల్వం ఇలా లాక్కుని శొంఠి నూరు" అని గురువుగారు గోడకి చేరగిలబడి ఈ సంగతి చెప్పారు.

అప్పటికి ఆయనకి ఇరవై నాలుగేళ్ళట. తూర్పు కొండల్లో రేగులపాడు ఎస్టేటు అని ఒకటి ఉండేది. కొండలూ అడవీ అన్నీ రాజావారి సొంతం. ఆయన అనుమతి లేకుండా అందులో తుపాకీ పేల్చడానికి వీల్లేదు. అనుమతి దొరికిన అతిథి కూడా తన ఇష్టం వచ్చినట్టు తిరగకూడదు. బొంజన్న వెనకాలే నడవాలి. బొంజన్న కొండదొర తెగవాడు. నలభై ఏళ్ళ మనిషి, మాట తక్కువ. రాజావారి వేటకి దారి చూపించేవాడు అతనే. ఆగమన్నచోట ఆగాలి, కొట్టమన్నప్పుడే కొట్టాలి.

ఆ ఎస్టేటులో పెద్ద రాజావారి కాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. అతిథికి ఒక్క జంతువే. గుండు తగిలి నేలమీద నెత్తురు చుక్క పడిందంటే, అది చిన్నదైనా బక్కదైనా సరే, ఆ అతిథి జంతువు అదే. అది పారిపోతే ఇంక వేరే దాని జోలికి పోకూడదు. పొదల్లో అలికిడి చేసి జంతువుల్ని తోలే పన్నెండుమందీ, రెండు కుక్కలూ, తుపాకీలూ అన్నీ దాని వెనకాలే వెళ్ళి, దాని బాధ తీర్చి వెనక్కి రావాలి. నెత్తురు పడిందా లేదా అని చెప్పేది బొంజన్న. అతిథి ఒప్పుకోకపోతే పక్కనున్న పెద్దమనిషి ఒకరు సాక్ష్యం చెప్పాలి.

ఆ ఏడు మార్గశిరంలో వచ్చిన అతిథి వకీలు శేషగిరి నాయుడుగారు. ఎస్టేటు సరిహద్దు దావా గెలిపించి పెట్టినవాడు. రాజావారు ఆయన్ని నెత్తిన పెట్టుకుని చూస్తున్నారు. అడవిలో తేలు కుట్టినా పాము కరిచినా మందివ్వడానికని మా గురువుగారిని కూడా పంపారు. అప్పటికి సంస్థానం వైద్యుడి ఉద్యోగం ఖాళీగా ఉంది. "కుర్రాడు చురుగ్గా ఉన్నాడండీ. ఆ ఉద్యోగం ఇతనికే ఇప్పించమని రాజావారితో నేనే చెబుతాను" అని మొదటిరోజు భోజనాల దగ్గరే వకీలుగారు నలుగురిలో అన్నారు. ఆ మాటతో మా గురువుగారికి ఆ రాత్రి నిద్ర పట్టలేదట. "నిద్ర పట్టకపోవడమేమిటి, నడి ఇంట్లో ఉయ్యాల బల్ల ఎక్కడ వేయించాలా అని కూడా ఆలోచించానురా" అని తనమీద తనే నవ్వుకున్నారు.

మంగళవారం పొద్దున్నే కొండ అంచున అందరూ బోర్లా పడుకుని ఉన్నారు. కింద లోయలో కణుజుల మంద మేస్తోంది. కణుజు అంటే కొండజింకల్లో పెద్దది, గిత్తంత ఎదుగుతుంది. మందలో ఒక ముసలి పోతు ఉంది. దాని కొమ్ములు చూసి వకీలుగారికి ఊపిరాడలేదు. కానీ దానికి అడ్డంగా ఒక పడుచు పోతు నిలబడి ఉంది, మూరెడైనా లేవు కొమ్ములు. బొంజన్న చెయ్యి వకీలుగారి తుపాకీ మీద పెట్టి ఆగమన్నాడు. ఆయన దావాలకి వాయిదాలు వేయించేవాడే గాని తను ఆగేవాడు కాదు. బొంజన్న చెయ్యి తోసేసి ఢామ్మని పేల్చారు.

మంద చెదిరిపోయింది. పడుచు పోతు మాత్రం వీపు పైకి విరిచి ఒక్క క్షణం వంగి నిలబడింది. తరవాత అదీ పొదల్లోకి పోయింది.

"తప్పింది!" అన్నారు వకీలుగారు, ముసలిదాని వైపే చూస్తూ.

బొంజన్న కిందకి దిగి, అది నిలబడ్డ చోట గొంతుక్కూర్చుని వెతికి, ఒక ఆకు తెంపి తెచ్చాడు. ఆకు మీద నల్లటి ఎరుపు చుక్క, అందులో పచ్చటి పిప్పి.

"రగతం బాబూ. పొట్టలో తగిలినాది. తిన్న గడ్డి కూడా కలిసినాది, సూడండి. ఇలాటిది ఎంటనే సావదు. గడియసేపు ఇక్కడే కూకుందాం. అది పడుకున్నాక కుక్కల్నట్టుకుని మెల్లగా ఎల్దాం. సీకటడకుండా దానికి మోచ్చం ఇచ్చెయ్యాల."

వకీలుగారికి ఒళ్ళు మండింది. ఎంత దూరం నుంచి వచ్చి, ఈ మూరెడు కొమ్ములు తీసుకెళ్ళి గోడకి తగిలించుకోవాలా? కోర్టులో నిలబడ్డట్టే నిలబడ్డారు.

"ఇది నెత్తురే అని రుజువేమిటి? అడవిలో పళ్ళుండవా? ఏ పండో చిట్లి ఉండకూడదా? సాక్షి ఉన్నాడుగా, వైద్యుడు! ఏమయ్యా జోగన్నా, నువ్వు చదువుకున్నవాడివి. సరిగా చూసి చెప్పు."

మా గురువుగారు ఆకు అందుకున్నారు. వేలితో తాకారు. వాసన చూశారు. అక్కడ అనుమానానికి చోటే లేదు. మొదటి ఏడు చదివే విద్యార్థి కూడా కళ్ళు మూసుకుని చెబుతాడు. ఆయన వకీలుగారి మొహం చూశారు. ఉద్యోగం గుర్తొచ్చింది. చివరికి "స్పష్టంగా చెప్పలేకుండా ఉన్నానండి" అన్నారు.

బొంజన్న ఆ మాట విని, వైద్యుడి వేలికంటిన నెత్తురు వైపు చూశాడు. తోలే మనుషుల్ని రమ్మన్నాడు. సాక్షి లేకుండా మేమెలా వస్తామని వాళ్ళు తల వంచుకున్నారు. కుక్కల్నీ ఒక తుపాకీనీ అడిగాడు. వకీలుగారు ఇవ్వనన్నారు. అప్పుడు బొంజన్న గొడ్డలి ఒక్కటి భుజాన వేసుకుని, అతిథిని అక్కడే వదిలేసి, నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళిపోయాడు.

దారి చూపేవాడు అతిథిని అడవిలో వదిలి వెళ్ళడం కంటే పెద్ద నేరం ఆ ఎస్టేటులో లేదు. వకీలుగారు ముసలి పోతు కోసం సాయంత్రం దాకా తిరిగి, దారి తప్పి, ముళ్ళపొదల్లో పడి, పంచె చింపుకుని బంగళా చేరారు. రాత్రి భోజనాల దగ్గర రాజావారి ముందు ఒంటికాలి మీద లేచారు.

రాజావారు నిదానస్తుడు. "బొంజన్న ఊరికే అలా పోయేవాడు కాదే. నెత్తురు గాని పడిందా?" అని అడిగారు.

"మీ వైద్యుడు అక్కడే ఉన్నాడుగా! అడగండి" అన్నారు వకీలుగారు.

రాజావారు మా గురువుగారి వైపు చూశారు. గురువుగారు విస్తరి వైపు చూశారు. అంతే. ఒక్క మాట అబద్ధం ఆడలేదు. రాజావారు "బొంజన్నని ఇంక వేటకి పిలవకండి" అని దివాను గారికి చెప్పారు. ఆ పనిమీదే బొంజన్నకి కొండమీద పోడు చేసుకునే హక్కు ఉంది. అది కూడా పోయినట్టే.

వకీలుగారు గురువారం బండెక్కారు. ఎక్కే ముందు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. ఉద్యోగం మా గురువుగారికి వచ్చేసింది. ఆ రాత్రి ఆయన విస్తరి ముందు కూర్చుని తినకుండానే లేచిపోయారు. శుక్రవారం తెల్లవారగానే వెళ్ళి రాజావారి కాళ్ళమీద పడ్డారు. ఆకు, చుక్క, పిప్పి, అన్నీ చెప్పేశారు. ఉద్యోగం వద్దని కూడా చెప్పారు.

రాజావారికి కోపం వచ్చింది గాని ఎక్కువసేపు నిలవలేదు. "ఇప్పటికైనా చెప్పావు. వెళ్ళి బొంజన్నని నువ్వే పిలుచుకురా. పనీ పోడూ రెండూ అతనివేనని నా మాటగా చెప్పు" అన్నారు.

"ఆ కొండెక్కుతుంటే నాకు ఎంత తేలిగ్గా ఉందనుకున్నారు!" అన్నారు గురువుగారు. తప్పు చేశాను, దిద్దుకున్నాను, ఎవరికీ ఏమీ పోలేదు అనుకుంటూ నడిచారట. ఉద్యోగం వద్దన్నందుకు తనమీద తనకి కాస్త గౌరవం కూడా కలిగిందట.

బొంజన్న గుడిసె ముందు కూర్చుని పాదాల్లో ముళ్ళు తీసుకుంటున్నాడు. కాళ్ళు మోకాళ్ళ దాకా గీరుకుపోయి ఉన్నాయి. గురువుగారు నిలబడే అంతా చెప్పారు. తను భయపడ్డదీ, ఇవాళ రాజావారికి నిజం చెప్పిందీ, పని తిరిగి వచ్చిందీ. చెప్పి, నన్ను క్షమించు బొంజన్నా అన్నారు.

"మంచిది బాబూ. పోడు నిలబడ్డాది. పిల్లలకి తిండుంటాది" అన్నాడు బొంజన్న. అని ఇంకో ముల్లు పీకి పక్కన పడేశాడు.

గురువుగారు ఇంక వెళ్ళొస్తానన్నారు. అప్పుడు బొంజన్న తలెత్తాడు.

"మంగళారం సాయంత్రం గెడ్డ నీళ్ళ కాడ పడుకుని కనిపించినాది బాబూ. తుపాకుంటే దాని పని అప్పుడే అయిపోయీది. నాను గొడ్డలట్టుకుని దగ్గిరికెల్తే లేసి పోనాది. బుధారం రెండు సార్లు అలాగే. పొట్ట కాలిపోతాది గదా, నీళ్ళ కోసం ఒకటే తిరుగుడు. నిన్న పొద్దుగూకేతలికి ఇంక లేవనేకపోనాది. మూడు దినాలు బతికే ఉన్నాది బాబూ అది."

ఇది చెప్పి గురువుగారు ముగించారు. ఎప్పుడూ సంగతి చివర కళ్ళు చికిలించి మా మొహాలు చూసి నవ్వుకునే మనిషి, ఆ రోజు మా వైపు చూడలేదు. నలభై ఏళ్ళ కిందటి జంతువు కోసం ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను.

నా పక్కన కల్వం చప్పుడు ఆగిపోయింది. భీమశంకరం చేతిలో పొత్రం అలాగే ఉంది.

"గురువుగారూ" అన్నాడు, "మొన్న మీరు ఊళ్ళో లేనప్పుడు... పొట్లం మారిపోయిందండి. ఒక ముసలావిడకి. పూటకొకటి చొప్పున వేసుకోమని... మీరేమంటారోనని..."

గురువుగారు అప్పటికే లేచి, కండువా భుజాన వేసుకుని, మందుల సంచీ చేతపట్టుకున్నారు.

"చెప్పులేసుకో. ఏ ఊరో దారిలో చెబుదువు గాని."