ఎత్తురాయి పాట

"తెల్ల మబ్బు దిగివచ్చె తేనెవాగు కాడికి,
ఎవ్వరమ్మ కూచుంటిరి ఎత్తురాతి మీద?
ఏడు పున్నములు కూచుని, ఏడు పున్నములు కూచుని..."

అక్కడ ఆగిపోయింది వెంగమ్మవ్వ. తరవాతి ముక్క నాలుక చివరే ఉన్నట్టుంది. పట్టుకోబోతే జారిపోతోంది.

వెంగమ్మవ్వ యాళి. సింహం ఒళ్లు, ఏనుగు తొండం. మబ్బులోయలో అందరికంటే పెద్దది. ఆ లోయలో వాన పడదు. పొద్దున్నే మబ్బే దిగివచ్చి గడ్డి మీద కాసేపు పడుకుంటుంది. అక్కడ వలయంగా ఏడు రాళ్లున్నాయి. వాటిలో ఎత్తుగా ఉన్న రాయి మీద కూర్చున్నవారు ఎటు మొహం తిప్పితే మబ్బు అటు నడుస్తుంది. ఆ లోయకు ప్రభుత్వమంటే అదే. రాసిపెట్టిన చట్టమేదీ లేదు. పాటలో ఉన్నదే చట్టం, పెద్దావిడ పాడిందే తీర్పు.

ఏడు పున్నములుగా ఎత్తురాయి మీద రెక్కల నక్క కోలయ్య కూర్చున్నాడు. మొహం ఎప్పుడూ పైవాలు వైపే, తన చుట్టాల వైపే. కిందివాలులో నాచు కూడా ఎండిపోయింది. వెంగమ్మవ్వ గుహ ఉన్నది అక్కడే. అక్కడివాళ్లు తెల్లారగానే రాళ్లు నాకి గొంతు తడుపుకుంటున్నారు.

పాటలోని ఏడు పున్నముల గడువు నిన్నటితో అయిపోయింది. కోలయ్య దిగాలా, వద్దా అని ఈ పొద్దున లోయంతా చేరింది.

"దిగాల్సిందే," అంది గండభేరుండం ఎడమ తల.

"ఎందుకు దిగాలి? బాగానే కూర్చున్నాడుగా," అంది కుడి తల.

"నీకు పైవాలు పళ్లు తెచ్చిపెట్టాడులే, అందుకని!"

"తిన్నది నేనే. నిండింది మాత్రం నీ పొట్ట కూడానూ!"

"మనలో మనకు గొడవెందుకు?" అన్నాడు కోలయ్య మెత్తగా. "అవ్వా, మీరు పాడండి. పాట దిగమంటే ఇప్పుడే దిగుతాను."

అవ్వ మరిచిపోయిన సంగతి అతనికి తెలుసు. ఆమె మళ్లీ పాడింది, మళ్లీ అక్కడే ఆగింది.

"పెద్ద వయసు, పాపం. మా అమ్మ పాడేది, నేనందిస్తాను," అని కోలయ్య రెక్కలు సర్దుకుని గొంతెత్తాడు. "ఏడు పున్నములు కూచున్నవారే ఎప్పటికీ కూచోవాలమ్మ!"

పైవాలు వాళ్లు ఓహో అన్నారు.

"అదే కాబోలు అవ్వా," అన్నాడు చేపతోక ఎద్దు గంగన్న. కిందివాలు పెద్ద అతనే. "పోనీలెండి. మాకు రాళ్లు నాకడం అలవాటైపోయింది."

అవ్వ అతని పగిలిన మూతి వంక చూసింది.

"బాగా పాడావు నాయనా," అంది నక్కతో. "నాకు మాటలు పోయాయి, నిజమే. అయితే ఇది కూర్చుని పాడే పాట కాదుగా, ఆడుతూ పాడేది. ఇప్పటి పిల్లలు ఆడటం లేదు గానీ, మీరంతా మీ అమ్మల తోకలు పట్టుకుని ఆడినవాళ్లే. ఒక్కసారి ఆడండి. నువ్వు పాడిన ముక్క నా నోటికి పట్టాలి."

"ఆటే కదా!" అని నవ్వాడు కోలయ్య.

ఏడు జాతుల పెద్దలు ఏడు రాళ్లెక్కారు. కోలయ్య తన ఎత్తురాయి మీదే లేచి నిలబడ్డాడు. వెనక రాయి మీద గంగన్న. అవ్వ నడుమ నిలిచి తొండంతో నేల మీద తాళం వేసింది. అందరూ ఎడమకు ఊగారు, కుడికి ఊగారు. మబ్బు కూడా వాళ్లతో పాటు ఊగినట్టనిపించింది. ముసలి కళ్లు సగం మూతలు పడ్డాయి. ఎవరి అమ్మ వాళ్లకు గుర్తొచ్చింది.

ఆ ముక్క వచ్చింది. కోలయ్య గొంతు చించుకున్నాడు. "ఎప్పటికీ కూచోవాలమ్మ!"

ఆ తాళానికే ఏడుగురూ ఒక్క గెంతు గెంతి పక్క రాయి మీదికి పోయారు. నోరు ఇంకా "కూచోవాలమ్మ" అని సాగదీస్తుండగానే కోలయ్య నాలుగు కాళ్లూ పక్కనున్న పొట్టిరాయి మీద ఉన్నాయి. ఎత్తురాయి మీద గంగన్న బిత్తరపోయి చూస్తున్నాడు.

"నేను ఎక్కలేదు! కాళ్లే తెచ్చాయి!" అన్నాడు గంగన్న.

గండభేరుండం రెండు తలలూ మొదటిసారి ఒకేసారి నవ్వాయి. "మీ అమ్మ నీకు పాటెట్లా నేర్పిందో గానీ, ఆట మాత్రం చక్కగా నేర్పింది కోలయ్యా!"

"ఇంకోసారి ఆడదాం!" అన్నాడు కోలయ్య ఉక్రోషంగా.

"ఆడదాం నాయనా. ఏడు పున్నములు పోనీ," అంది అవ్వ. అంతలో ఆమె పెదవుల మీదికి ఆ ముక్క దానంతటదే వచ్చి వాలింది. "లేచి పక్కవారికి చోటియ్యవమ్మ..."

ఎద్దు కళ్లు చెరో పక్కకు ఉంటాయి. ఎటు పోవాలో తోచక మబ్బు కాసేపు నిలబడి, రెండు వాలుల మీదికీ మెల్లగా పరుచుకుంది.

నోరు కొత్త చట్టం ఎన్నయినా చెబుతుంది, అమ్మ నేర్పిన అడుగు మాత్రం పాత చోటికే పడుతుంది.

కోలయ్య తడిసిన తోక ఈడ్చుకుంటూ కొంత దూరం పోయాడు. ఆగాడు. వెనక్కి తిరిగి, చిన్నప్పటి గొంతుతో అవ్వను అడిగాడు.

"నా వంతు మళ్లీ వస్తుందా అవ్వా?"