వాగులో జమ్ము

అద్దకాల రంగునీళ్లు కలిసి పాడైన వాగులో, చాపలల్లే గంగులమ్మ ఊరివాళ్లతో జమ్ముగడ్డి నాటించింది. జమ్ము వేళ్లూ, వాటికి పట్టిన పాచీ కలిసి విషాన్ని మింగేశాయి. నీళ్లు తేటపడి, పశువులు మళ్లీ మూతిపెట్టాయి.

అదంతా తన మంత్రమహిమేనని మాంత్రికుడు భేతాళప్ప రాజును నమ్మించి, ఊరినే ఇనాముగా పుచ్చుకున్నాడు. ఊరివాళ్లను ఖాళీ చేయమన్నాడు.

ఊరు అప్పగించడానికి రాజు వచ్చేసరికి జనం ఏడుస్తూ మూటలు కట్టారు. గంగులమ్మ మాత్రం వాగులో దిగి జమ్ము పెరకసాగింది.

"ఏం చేస్తున్నావే?" అని అరిచాడు భేతాళప్ప.

"మంత్రం మీది, జమ్ము మాది సామీ. మాది మేం పట్టుకుపోతున్నాం. మీరు నీళ్లు మంత్రించుకుని తాగండి."

"ఆగవే! జమ్ము పోతే నేనేం తాగి చావాలి?"

రాజు పకపకా నవ్వాడు.

"మూటలు విప్పండమ్మా! భేతాళప్పా, నీది నువ్వు పట్టుకుపో."