ఎదురొచ్చిన పిల్లి

ఊరందరి విత్తన ధాన్యం ఒకే ఇంట్లో ఉండేది. ఆ ఇంట్లో ఎలుకలు పడ్డాయి.

ఇంటి యజమానిని అందరూ పెద్దాయన అనేవారు. ధాన్యాన్ని కనిపెట్టుకుని ఉండే పని మాత్రం ఆయన అక్కది. భర్త పోయాక తమ్ముడింటికి చేరిన మనిషి ఆమె. రోజూ గాదె మీదికి వంగి, చెయ్యి దించి చూసేది. చలికాలంలో అరచేతికే తగిలిన ధాన్యం, ఎండలు ముదిరేసరికి మోచెయ్యి దాకా దించితేగానీ తగల్లేదు. తొలకరి పడగానే ఊరు ఊరంతా బుట్టలు పట్టుకుని వస్తుంది. ఆ బుట్టల్లో ఏం పొయ్యాలి?

"ఒక పిల్లిని తేరా తమ్ముడూ," అంది.

"తెచ్చి పడెయ్యడమేనా? ప్రాణమున్న జీవం అక్కా. అది వచ్చేముందు ఇల్లు సిద్ధంగా ఉండొద్దూ?"

ఆ మాట ఆమెకు సబబుగానే తోచింది. ఆయన మొదట చేయించిన పనులు కూడా సబబుగానే ఉన్నాయి. నూతికి చెక్క మూత వేయించాడు. ఆకు కొరికితే పిల్లి చచ్చిపోతుందని పెరట్లో గన్నేరు చెట్టు కొట్టించాడు. దారపుండలూ సూదులూ పెట్టెలో పెట్టించాడు. పాలకో గిన్నె, నీళ్ళకో గిన్నె, గోళ్ళు గీరుకోవడానికి కొబ్బరితాడు చుట్టిన గుంజ, దొడ్డికి వెళ్ళడానికి వెడల్పాటి తొట్టెలో ఇసుక.

అక్కడితో ఆగితే పెద్దాయన ఎందుకవుతాడు? ఇసుక జల్లించాడు. జల్లించిన ఇసుకను మళ్ళీ జల్లించాడు. పిల్లి గదిలో గాలి ఆడాలని కిటికీ పెద్దది చేయించి, పిల్లి దూకి పారిపోతుందేమోనని దానికి ఇనుప వల బిగించాడు. బూరుగుదూదితో పరుపు కుట్టించి, ఎత్తు చాలలేదని విప్పించి మళ్ళీ కుట్టించాడు. ఊళ్ళోవాళ్ళు వరసగా వచ్చి చూశారు. "మా పిల్లలకైనా ఇంత భోగం లేదండీ," అని మెచ్చుకున్నారు. పోతూ పోతూ గాదె వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయారు.

"ఇంక తెద్దామా?" అనేది అక్క.

"పరుపుకి గలేబు రాలేదు," అనేవాడు తమ్ముడు.

ఒక పొద్దున ఆమె ఆ పరుపును ఎండలో వేద్దామని ఎత్తింది. కింద కళ్ళు తెరవని ఎలుక పిల్లలు, గులాబీ రంగులో, ఒకదాని మీద ఒకటి. కిటికీకి వల బిగించాక గుడ్లగూబ రావడం మానేసింది, పాము రావడం మానేసింది. ఆ ఇంటి మొత్తంలో ఎలుకలకు భయం లేని చోటంటూ ఉంటే అది పిల్లి గదే.

తమ్ముణ్ణి పిలిచి చూపించింది. ఆయన వంగి చూసి సంతోషపడ్డాడు.

"ఎలుకలకే ఇంత నచ్చిందంటే పిల్లికి నచ్చదా అక్కా?"

ఆ రోజు గాదెలో భుజం దాకా చెయ్యి దించినా ఆమెకు గింజ తగల్లేదు. ఆ సంగతి చెప్పి ఏడిస్తే, సరేనని సిద్ధాంతిని పిలిపించి ముహూర్తం పెట్టించాడు.

ఊరి చివర గానుగ ఆడించే ఇంట్లో చారల పిల్లికూన ఒకటి ఎదిగి ఉంది. ఇస్తామని వాళ్ళు ఎప్పుడో మాటిచ్చారు. పెద్దాయన తలంటి పోసుకుని, జరీ కండువా వేసుకుని, మఖమలు పరిచిన బుట్ట చేత పట్టుకున్నాడు.

"అక్కా, నువ్వు కాస్త లోపలికి వెళ్ళు. బయల్దేరుతున్నాం."

భర్త పోయిన మనిషి ఎదురుగా ఉండకూడదు. ఆమెకు అది అలవాటే. తలుపు వెనక్కి వెళ్ళి సందులోంచి చూసింది.

తమ్ముడు గడప దాటాడో లేదో, వీధి చివర్నించి చారల పిల్లి తోక నిటారుగా లేపుకుని నేరుగా ఈ ఇంటికే వస్తోంది.

"ఛీ ఛీ! పిల్లి ఎదురొచ్చింది!" అని వెంట బయల్దేరిన సిద్ధాంతి రాయి విసిరాడు. పిల్లి పరుగెత్తింది. పెద్దాయన వెనక్కి తిరిగి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

"ఒరే, మనం తేబోయేది దాన్నేరా!" అంది అక్క తలుపు వెనక నుంచి.

"మనం తెచ్చుకుంటే పిల్లి. అదే వస్తే అపశకునం."

"శాస్త్రం ఒంటబట్టిందంటే ఇలా ఉండాలి," అన్నాడు సిద్ధాంతి.

ఇంకో ముహూర్తం పెట్టారు. మళ్ళీ అదే పిల్లి, మళ్ళీ అదే పీట. ఆ తర్వాతి ముహూర్తానికి పిల్లి కుంటుతూ వచ్చింది. ముహూర్తం మారినప్పుడల్లా బుట్టలో మఖమలు మాత్రం కొత్తది పరిచేవారు.

ఒకనాటి పొద్దున మబ్బు పట్టి ఉరిమింది. అక్క గాదెలోకే దిగి నిలబడింది. ధాన్యం మోకాళ్ళకు అందింది. ఇది కూడా పోతే ఊరికి ఈ ఏడు నాటడానికి గింజ ఉండదు. పైకెక్కి, పాదాలు దులుపుకుని, పెరటి వైపు కాకుండా వీధి గుమ్మం వైపు నడిచింది. ఆ ఇంటికి వచ్చాక ఆ గుమ్మంలోంచి ఆమె బయటకు వెళ్ళడం అదే మొదలు. వీధిలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. దారి తేలికైంది.

"రండమ్మగారూ, ఇదిగో మీ పిల్లి," అంది గానుగ ఇంటావిడ. "రోజూ మీ ఇంటికే బయల్దేరుతుంది, రోజూ దెబ్బ తినొస్తుంది. అదేం పాపం చేసిందండీ?"

"ఎదురొచ్చింది."

"అంతేనా?"

"ఇంకా ఏం చెయ్యాలి?"

తెలగపిండి వాసన వేస్తున్న ఆ పిల్లిని కొంగులో చుట్టుకుని తిరిగి వచ్చింది. సరిగ్గా అప్పుడే పెద్దాయన, కొత్త ముహూర్తానికి, బుట్టతో గడప దాటబోతున్నాడు. ఎదురుగా చూశాడు. ఒకటి కాదు, రెండు.

సిద్ధాంతి అందరికంటే ముందు ఇంట్లోకి పరుగెత్తాడు.

"అక్కా! తప్పుకో!"

"ఎటు తప్పుకోనురా? నేను ఇంట్లోకి వస్తున్నాను. నువ్వే జరుగు."

ఆయన జరిగాడు. లోపలికంటా జరిగి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చున్నాడు.

పిల్లి కొంగులోంచి దూకింది. పాల గిన్నె వాసన చూడలేదు, గుంజను గీరలేదు. తిన్నగా గాదె కిందికి దూరింది. లోపల ఏదో కీచుమంది, మరుక్షణం ఆగిపోయింది. పరుపున్న గదిలోకి తర్వాత వెళ్ళింది, పడుకోవడానికి మాత్రం కాదు.

కొద్ది రోజులకే తొలకరి పడింది. రైతులు బుట్టలతో వచ్చారు. గుమ్మంలో అక్క కుంచం పట్టుకుని నిలబడి ఉంది. మిగిలినదాన్ని సమంగా పంచితే ఏ బుట్టా నిండదు, ఏ బుట్టా ఖాళీగానూ పోదు.

ముందున్న రైతు ఆమెను చూసి ఆగాడు. విత్తడానికి వెళ్ళే మనిషి, పొద్దున్నే ఈ ముఖం, ఈ చెయ్యి. తల ఎత్తి మబ్బును చూశాడు. తల దించి బుట్టను చూశాడు. బుట్ట ముందుకు చాచాడు.

"పొయ్యండమ్మగారూ."

ఆమె పోసింది.

లోపల్నించి సిద్ధాంతి గొంతు వినిపించింది. "విత్తనం ఇవ్వడానికి ఈ వారంలో మంచి ఘడియ లేదు. వెళ్ళి ఆపించండి." ఆ వెంటనే పెద్దాయన గొంతు. "ఎవరక్కడ? పిల్లి వెళ్ళిపోయిందా? నేను బయటకు రావచ్చా?"

పిల్లి ఎక్కడో వెనక, గాదె మీద పడుకుని పాదం నాక్కుంటోంది. అక్క కుంచం పట్టుకున్న చేతిని అలాగే ఉంచి రైతు వైపు చూసింది. అతను విత్తనాల బుట్టను తలకెత్తుకుని, తలపాగా సర్దుకుని, లోపలికి వినబడేలా కేకేశాడు.

"లేదండి పెద్దాయనా, ఎదురుగానే ఉంది. మీరు కూర్చోండి."

రెండో బుట్ట ముందుకు జరిగింది.